స్టెతస్ దొర సమాధి

కొందరు తప్పు చేస్తే చెంపలేసుకుంటారు. కొందరు చేస్తే జైలుకు పోతారు. నేను ఒక తప్పు చేస్తే మూడు మతాలవాళ్ళు వచ్చి దానికి పొంగలి పెట్టారు, ఊదు వేశారు, కొవ్వొత్తులు వెలిగించారు. టీలో బిస్కెట్టు ముంచి నైవేద్యం కూడా పెట్టారు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా తిట్టండి గానీ, పూతలపట్టు పొలిమేరలో మాత్రం తిట్టకండి. అక్కడ నేనింకా పెద్దమనిషిని.

ఇది నా కుర్రతనపు ముచ్చట. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. అప్పుడే తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసి, నోటికి పనిలేక ఊరి మీద పడి తిరుగుతున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు లక్షల మాటలు నేర్పినవాణ్ణి, నేను నేర్చుకోని మాట ఒకటే ఒకటి: 'తెలియదు'. పండితుడు 'తెలియదు' అంటే బజారులో పంచె ఊడినట్టే అని మా గురువుగారు అనేవారు. అందుకని ఎవరు ఏ మాటకు పుట్టుక అడిగినా చెప్పి పంపించేవాణ్ణి. ఒకసారి 'బోండా' అన్న మాట ఎక్కడిదని ఒకడు అడిగితే దాన్ని కృష్ణా, గోదావరి దాటించి, బొబ్బిలి దాకా తీసుకెళ్ళి, అక్కడ ఒక రాజుగారి చేత తినిపించి మరీ వెనక్కి తెచ్చాను. అడిగినవాడు చల్లారిపోయిన బోండా చేత్తో పట్టుకొని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

పూతలపట్టు కూడలిలో నా మిత్రుడు మస్తాన్ సాయిబుకు రేకుల దుకాణం ఉంది. రేకు పెట్టెలు, గరాటులు, నీళ్ళ మగ్గులు చేస్తాడు. ఆయన సుత్తి చప్పుడుకు కూడలిలో కాకి వాలదు. ఆయన కూతురు షమీమ్ నా దగ్గర చదువుకుంది, ఆ తర్వాత ఎక్కడెక్కడో చదివి డాక్టరమ్మ అయింది. అయినాక పట్నానికి పోకుండా మా కూడలిలోనే, రోడ్డు పక్క మామిడితోపును ఆనుకొని క్లినిక్ పెట్టింది. ప్రారంభోత్సవానికి రెండు మాటలు మాట్లాడమని గురువుగా నన్ను పిలిచింది. తెలుగు పండితుణ్ణి రెండు మాటలు మాట్లాడమనడం, తెగిన చెరువును రెండు చెంబులు కారమని బతిమాలడం లాంటిది.

అయిదు వేలమంది జనం వచ్చారు.

సరే, అయిదు వందలు. మీ దగ్గర దాపరికం ఎందుకు.

షామియానా కింద మొదటి వరుసలో మా అక్క మునెమ్మ కూర్చుంది. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోతే, పద్నాలుగేళ్ళ వయసులో నన్ను చంకనేసుకొని పెంచింది ఈ అక్కే. ఆమె మొగుడు పోయాక, నా భార్య పోయాక, ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె వండుతుంది, నేను మాట్లాడతాను. అక్క పక్కన టీ కొట్టు గంగులప్ప. గంగులప్పకు ఆరునెలలుగా దగ్గు, అరవై ఏళ్ళుగా అనుమానాలు.

నేను మైకు పట్టుకొని వైద్యుడంటే సాక్షాత్తూ నారాయణుడని మొదలుపెట్టి, నలభై నిమిషాలైనా ఇంకా నారాయణుడి పాదాల దగ్గరే ఉన్నాను. అప్పుడు గంగులప్ప లేచాడు.

"అయివోరా! ఒక సందేహం. మన షమీమ్ పాప మెళ్ళో ఏసుకోనుండాదే, దాన్ని స్టెతస్కోపు అంటారు గదా. ఆ మాటకి అర్థం ఏందబ్బా? యాడ పుట్టింది అది?"

అక్క పక్కకు తిరిగింది. "గొట్టం పెట్టి సూసేదాన్ని గొట్టం అంటే సాలదా? దానికి మళ్ళా అర్థం యాడిది?"

"నువ్వుండక్కా. అయివోరికి తెలీని మాట ఉంటాదా?"

ఆ మాటతోనే నేను చచ్చాను. నిజం చెబుతున్నాను, ఆ మాటకు అర్థం నాకు అణుమాత్రం తెలియదు. ఆ గొట్టం చూస్తేనే నాకు రక్తపోటు. కానీ వందల కళ్ళు నా నోటి వైపు చూస్తున్నాయి. తెరిచి ఉన్న నోరు కాబట్టి లోపల్నుంచి ఏదో ఒకటి రావాలి కదా. వచ్చింది.

"స్టెతస్ అనేది ఒక మహానుభావుడి పేరు" అన్నాను.

"ఓహో" అన్నారు జనం.

"దొరల కాలంలో ఆ స్టెతస్ అనే తెల్ల వైద్యుడు గుర్రం మీద మన సీమకు వచ్చాడు. నగరి నేతగాళ్ళ వీధిలో ఒక అవ్వ ఆయాసంతో కొట్టుకుంటూ ఉంది. ఆడమనిషి ఛాతీ మీద చెవి ఆనించడానికి దొరకు సిగ్గు. ఏం చేయాలి? మగ్గం పక్కన నూలు చుట్టే వెదురు గొట్టం కనబడింది. ఒక కొస అవ్వ గుండె మీద, ఒక కొస తన చెవిలో! అంతే, ఆ గుండె మాట్లాడిన ప్రతి మాటా వినబడింది. ఆ రోజు నుంచి ఆ పరికరానికి దొర పేరే నిలిచిపోయింది."

చప్పట్లు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. గంగులప్ప మళ్ళీ లేచాడు.

"స్టెతస్ అంటే దొర. సరే. మరి స్కోపు అంటేనో?"

"ఆయన గుర్రం" అన్నాను.

ఆ క్షణంలో నా నోట్లోంచి గుర్రం ఎలా దూకిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. నా వెనక నిలబడ్డ షమీమ్ మెల్లగా ముందుకు వంగి, "సార్, అది గ్రీకు మాట సార్..." అంది.

"నువ్వు గుండెలు చదివినావమ్మా. నేను మాటలు చదివినాను. ఎవరి పని వాళ్ళది" అన్నాను, మైకు మూయకుండానే.

ఆ పిల్ల తల వంచుకుంది. నలుగురిలో గురువు మాటకు ఎదురు చెప్పకూడదని ఆమెకు నేర్పింది ఎవరనుకున్నారు? నేనే. తాను తీసుకున్న గోతిలో తానే పడతాడంటారు. నేను తీసిన గోతిలో పడకుండా నన్ను ఆపబోయిన పిల్లను కూడా పక్కకు నెట్టి మరీ దూకాను.

"పాపం, ఆ దొర ఏమైపోయినాడు అయివోరా?" అంది వెనక వరుసలో ఎవరో ఆడమనిషి.

"మనవాళ్ళ సేవలోనే కన్నుమూశాడు తల్లీ."

"యాడ?"

నోరు జారింది సరే, ఈసారి వేలు కూడా జారింది. "అదిగో, అక్కడ" అని చెయ్యి చాపాను. ఎటు చాపుతున్నానో నేను చూడలేదు. జనమంతా తలలు తిప్పి చూశారు. వాళ్ళతోపాటు నేనూ చూశాను. మామిడితోపు అంచున, కానుగ చెట్టు కింద, నేలలోంచి మోకాలెత్తున పొడుచుకొచ్చిన ఒక మొరటు రాయి ఉంది. అంతవరకూ దాన్ని మేకలు వీపు గోక్కోవడానికి వాడుకునేవి.

అబద్ధమాడినా అతికినట్టుండాలి అన్నారు పెద్దలు. నాది అతికింది. ఎంత గట్టిగా అతికిందంటే, తర్వాత గడ్డపార పెట్టి పెకలించినా ఊడలేదు.

మరుసటి రోజు పొద్దున గంగులప్ప తన కొట్టులో మొదటి టీ తీసుకెళ్ళి ఆ రాయి మీద పోశాడు. దొరలకు టీ ఇష్టం కదా అని ఆయన లెక్క. నాలుగు రోజుల్లో ఆయన దగ్గు పోయింది. ఆ నాలుగు రోజులూ ఆయన షమీమ్ ఇచ్చిన మందు కూడా తాగాడు. కానీ మందు చేదు, టీ తీపి. ఆయన నాలుక తీపికే ఓటు వేసింది.

ఇక చూసుకోండి. రాయికి సున్నం పడింది. సున్నం మీద పసుపు, పసుపు మీద కుంకుమ. మంగళవారం పొంగళ్ళు. గురువారం సాయిబుల వీధి నుంచి ఊదు, చక్కెర చదివింపులు. ఆదివారం చర్చి వాళ్ళు, "దొర మావోడు గదా" అని కొవ్వొత్తులు. నగరి నుంచి నేతగాళ్ళు ఆటో కట్టించుకొని వచ్చి, నూలు కండెలు సమర్పించుకొని, "మా వీధి గొట్టమే గదా సామీ" అని కళ్ళు తుడుచుకున్నారు. గుర్రాన్ని కూడా ఎవరూ మరిచిపోలేదు. దానికి విడిగా ఉలవ గుగ్గిళ్ళు. ఆయాసం ఉన్నవాళ్ళు వాడి పారేసిన సెలైను గొట్టాలు తెచ్చి కానుగ కొమ్మలకు ముడుపులు కట్టడం మొదలుపెట్టారు. దూరం నుంచి చూస్తే ఆ చెట్టు ఐ.సి.యు.లో ఉన్నట్టుండేది. బంగారుపాళ్యంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చి, తన ముత్తాత ఆ గుర్రానికి గడ్డి వేశాడని, దాని నుదుట తెల్ల మచ్చ ఉండేదని చెప్పాడు. నేను పుట్టించిన గుర్రానికి నాకు తెలియని మచ్చ! ఒక్క క్షణం నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు. నేను ఒక్క అబద్ధమాడి వెయ్యి పొంగళ్ళు పెట్టించాను.

అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా అంటారు మీరు. చెప్పేవాణ్ణే. కానీ ప్రతి మంగళవారం మొదటి దండ నా మెడలో పడేది, రెండోదే రాయికి. నాకొక కుర్చీ వేసేవారు. ఆ కుర్చీలో కూర్చొని స్టెతస్ దొర మీద పన్నెండు పద్యాలు రాశాను. సరే, రెండు. రెండోదానికి యతి కుదరలేదు.

ఒకరోజు మస్తాన్ దుకాణానికి వెళితే ఆయన రేకుతో చిన్న చిన్న స్టెతస్కోపులు చేస్తున్నాడు. వరుసగా మేకులకు వేలాడదీశాడు.

"ఇదేంది సాయిబూ?"

"మొక్కుబడికి అయివోరా. తిరపతి కొండకి ఎండి కండ్లు, ఎండి కాళ్ళు ఇచ్చుకోరా, అట్లనే. రోగం తగ్గినోళ్ళు ఇది తెచ్చి దొరకు ఇచ్చుకుంటాండారు. నీ పున్నెమా అని గరాటులు చేసే పని తప్పింది."

"మీ షమీమ్ ఏమంటోంది?"

ఆయన సుత్తి ఆపి గొంతు తగ్గించాడు. "బిడ్డ మాట్లాడేది లేదు. అన్నం కాడ కూడా మూతి ముడుసుకోనే ఉంటాది. ఏమ్మా అంటే, మీ అయివోర్ని అడుగు అంటాది. నువ్వేమన్నా అన్నావా?"

"నేనెందుకు అంటాను?"

"అదే నేనూ అనుకున్న్యా. ఇంగో సంగతి. దొర కాడ నిలబడి అబద్ధం సెప్తే దగ్గు పట్టుకుంటాదంట. గంగులప్ప సెప్పినాడు. జాగర్త."

ఆ రోజు నుంచి నేను కుర్చీని రాయికి పది గజాల దూరంగా జరిపించుకున్నాను. నమ్మి కాదు. ముందుజాగ్రత్త.

ఇంతవరకూ నవ్వులాటే. తర్వాత సంగతి మా అక్క దగ్గరికి వచ్చింది.

అక్కకు ఆయాసం మొదలైంది. మొదట బావి దగ్గర్నుంచి వంటింటి దాకా బిందె మోస్తే వచ్చేది. తర్వాత బిందె లేకుండా వచ్చింది. పాదాలు పొంగి, నొక్కితే గుంట పడుతున్నాయి. బలవంతాన షమీమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. షమీమ్ గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. వింటూ వింటూ కళ్ళు మూసుకుంది.

"పెద్దమ్మా, గుండెలో వేరే సప్పుడు వినబడతా ఉంది. ఈడ నేను చేసేదానికి లేదు. చిత్తూరు పెద్దాసుపత్రికి పోయి స్కాన్ తీయించాల. ఈ వారంలోనే పోవాల."

"చిత్తూరా? నేను పోను" అంది అక్క. "దొర ఉండాడు గదా ఈడ."

"పెద్దమ్మా, అది రాయి."

"నీ మెళ్ళో ఉండేది ఎవురిది మే? ఆయన పేరు పెట్టుకున్న గొట్టంతో నన్ను సూసి, ఆయన్నే రాయి అంటావా? నువ్వు పొమ్మంటే నేను పోను. పొమ్మంటే దొర పొమ్మనాల."

ఆ రోజు నుంచి అక్క వంట చేసి, నాకు పెట్టి, మస్తాన్ చేసిన రేకు గొట్టం చేత్తో పట్టుకొని కానుగ చెట్టు కిందికి వెళ్ళేది. గొట్టం ఒక కొస తన గుండెకు ఆనించి, రెండో కొస రాయికి ఆనించి కూర్చునేది. దొర వింటున్నాడట. పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నానికి లేవలేక ఇద్దరు ఆడవాళ్ళ భుజాల మీద ఇంటికి వచ్చేది. వచ్చి, "ఈ పొద్దు బాగా యిన్నాడు" అనేది, మాట మాటకు ఊపిరి అందుకుంటూ.

నన్ను చంకనేసుకొని మోసిన మనిషి. ఇప్పుడు తన ఊపిరి తాను మోయలేకపోతోంది. నేను పుట్టించిన దొర ఆమెను నా కళ్ళముందే తీసుకెళ్తున్నాడు.

షమీమ్ దగ్గరికి పరుగెత్తాను. "అమ్మా, ఆ మాటకు అసలు అర్థం ఏందో చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకు సార్, కూర్చోండి" అంది. కోపం లేదు. నాకు కోపం ఉంటేనే బాగుండేదనిపించింది. "గ్రీకులో స్టెథోస్ అంటే ఛాతీ సార్. స్కోపెయిన్ అంటే చూడటం. ఛాతీని చూసేది అని అర్థం."

"దొర?"

"స్టెతస్ అనే దొర లేడు సార్. రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో ఒక డాక్టరు దీన్ని కనిపెట్టినాడు. వయసులో ఉన్న ఆడమనిషి వచ్చింది. లావుపాటి మనిషి. ఛాతీ మీద చెవి పెట్టాలంటే ఆయనకు సిగ్గు. కాగితాలు గొట్టంగా చుట్టి పెట్టి విన్నాడు. తర్వాత కొయ్యతో చేయించుకున్నాడు. మొదట్లో ఇంత చిన్నదానికి పేరెందుకు అనుకున్నాడంట. చాలామంది గొట్టం అనే అనేవాళ్ళు."

నేను నోరు తెరిచాను. "అయితే సిగ్గు సంగతి, గొట్టం సంగతి నేను చెప్పింది..."

"ఆ రెండూ నిజమే సార్. ఎట్ల చెప్పినారో నాకూ అర్థం కాలేదు."

ముప్పావు అబద్ధంలో పావు నిజం పొరపాటున పడిపోయిందన్నమాట. ఒక్క క్షణం ఛాతీ పొంగింది. మరుక్షణం ఇంకొకటి తట్టింది. చెవితో వినే వస్తువుకు 'చూసేది' అని పేరు పెట్టారట గ్రీకుమాటలు తెలిసిన మహాపండితులు! మా అక్క మూడో తరగతి. ఆమె మొదటి రోజే అన్నది కదా, 'గొట్టం పెట్టి సూసేదాన్ని గొట్టం అంటే సాలదా' అని. మన ఊళ్ళలో డాక్టరు గుండె వింటాడని ఎవరంటారు? గొట్టం పెట్టి చూశాడనే అంటారు. చెయ్యి పట్టుకొని నాడి కూడా చూస్తాడనే అంటారు. అర్థమూ పుట్టుకా రెండూ మొదటి వరుసలో మా అక్క ఒళ్ళో ఉంటే, నేను వేదిక మీద గుర్రం కోసం వెతుక్కున్నాను.

"ఇప్పుడు మీరే చెప్పాల సార్" అంది షమీమ్. "నా మాట వినలేదు. ఇంకో నెల ఇట్లనే జరిగితే పెద్దమ్మకు కష్టం."

మంగళవారం పొద్దున, పొంగళ్ళు పొంగుతున్న వేళ, కుర్చీ ఎక్కి నిలబడ్డాను. కింద రెండు వందలమంది. రాయి పక్కన అక్క, గొట్టం ఆనించుకొని, చెట్టుకు జారగిలబడి ఉంది.

"అందరూ వినండప్పా!" అని అరిచాను. "స్టెతస్ దొర లేడు. ఎప్పుడూ లేడు. నేను అబద్ధం చెప్పినాను. ఆయనా అబద్ధం, ఆయన గుర్రం అబద్ధం. ఇది ఉత్త రాయి!"

 మస్తాన్ చెంపలేసుకున్నాడు. "తోబా తోబా! సూసినారా ఆయన ఇనయం? ఇంత కనిపెట్టి కూడా నాదేం లేదంటాండాడు. పండితుడంటే అట్లుండాల."

"వినయం కాదు సాయిబూ! నిజం!"

"ఎండ దెబ్బ తగిలినట్టుండాది" అన్నాడు గంగులప్ప. "యవురన్నా ఇంత మజ్జిగ తెండబ్బా అయివోరికి."

"మజ్జిగ కాదు, గడ్డపార తెండి!" అన్నాను. "సమాధి అయితే కింద ఎముక ఉండాల కదా? ఒక్క ఎముక ముక్క దొరికితే నేను చదివిన చదువు మీ కాళ్ళ దగ్గర పెడతాను."

ఎవరూ తేలేదు. నేనే తోపు కాపలావాడి గుడిసెలోంచి తెచ్చుకున్నాను. పంచె ఎగగట్టి రాయి పక్కన నేలను పొడిచాను. ఎండిన మట్టి, దాని మీద నెలల తరబడి పేరుకున్న పసుపు, కుంకుమ, ఊదు బూడిద. ఒక్కసారిగా అదంతా లేచి నా ముక్కులోకి, నోట్లోకి పోయింది. దగ్గు! ఆగని దగ్గు! కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"సూడండబ్బా!" అని గంగులప్ప చేతులెత్తాడు. "దొర లేడని అబద్ధమాడినాడు, పట్టుకునింది దగ్గు!"

జనమంతా ఒక్కసారి రాయికి దండం పెట్టారు. నేను దగ్గుతూనే పొడిచాను. పొడుస్తూనే దగ్గాను. అరవై రెండేళ్ళ కుర్రవాడి రోషం ఎలాంటిదో ఆ రోజు కానుగ చెట్టు చూసింది. చివరికి రాయి కదిలింది, ఊగింది, ధబ్బున పక్కకు పడింది.

కింద ఎముకల్లేవు. కానీ ఇన్నాళ్ళూ మట్టిలో ఉన్న కొస మొరటుగా లేదు. నునుపుగా, గుండ్రంగా చెక్కి ఉంది. దాని మీద అక్షరాలున్నాయి. పంచె కొసతో తుడిచాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెకలించి, ఎవరో తలకిందులుగా పాతి వదిలేసిన పాత మైలురాయి! కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను రాయిని తవ్వి చిత్తూరును పట్టాను.

"మైలురాయి!" అని విజయగర్వంతో గంతులేశాను. "చూడండి! చూసుకోండి! దొర కాదు, సమాధి కాదు, మైలురాయి! రాసి ఉంది, చదవండి!"

అందరికంటే ముందు చదివింది మా అక్క. చెట్టు పట్టుకొని లేచి, నాలుగడుగులు వేసి, వంగి, వేలు పెట్టి, మూడో తరగతిలో నేర్చుకున్నట్టే కూడబలుక్కుంటూ చదివింది.

"చి... త్తూ... రు. చిత్తూరు. కింద పన్నెండు."

ఆమె చేతిలో రేకు గొట్టం జారి కిందపడింది.

"దొర సెప్పినాడు" అంది. "నన్ను చిత్తూరికి పొమ్మని సెప్పినాడు."

"అక్కా, అది మైళ్ళు! ఇక్కడ్నుంచి చిత్తూరికి పన్నెండు..."

"నువ్వు నోరు ముయ్‌రా సిన్నోడా. ఇన్ని దినాలు గుండె యిన్న్యాడు. యిని యిని ఇప్పుడు రాసిచ్చినాడు."

"చీటీ!" అన్నాడు మస్తాన్. "మా షమీమ్ రాసిచ్చేది గూడా అట్లనే. ఈడ కాదు, పెద్దాసుపత్రికి పో అని. డాక్టరు డాక్టరే గదా, రాయైనా చీటీ రాయకుండా ఉంటాడా!"

"మరి పన్నెండు?" అన్నారెవరో.

"పన్నెండు గంటల బస్సుకి పొమ్మన్యాడు" అంది అక్క. "టైమెంత?"

"పదకొండున్నర అక్కా! ఉండాది, చిత్తూరు బస్సు పన్నెండుకి ఉండాది!" అని గంగులప్ప టీ కొట్టు వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు, రాని బస్సును ముందే ఆపడానికి.

చేతిలో గడ్డపార, ముక్కులో కుంకుమ, నోట్లో దగ్గుతో నేను నిలబడిపోయాను. ఇంకొక్క నిజం చెబుదామని నోరు తెరిచాను. క్లినిక్ గుమ్మంలో షమీమ్ కనబడింది. పెదవుల మీద వేలు పెట్టి, వద్దన్నట్టు తల ఊపింది. ఆ పిల్ల బడిలో నా ముందు కూర్చున్నన్ని ఏళ్ళలో ఎన్నడూ నాకు పాఠం చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. గడ్డపార కింద పెట్టి అక్క చెయ్యి పట్టుకున్నాను.

బస్సు ఎప్పటిలాగే పన్నెండుంబావుకు వచ్చింది. "దొర పావుగంట ముందు సెప్పినాడు, మనం అందుకోవాలని" అంది అక్క.

చిత్తూరు ఆసుపత్రిలో స్కాన్ తీశారు. గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే మాట వేరేగా ఉండేదన్నారు. వారం ఉంచుకొని, కాళ్ళ నీరు లాగేసి, మాత్రలు రాసిచ్చి పంపారు. ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. అక్కకు ఎనభై ఆరు. మాత్రలు మానలేదు, నన్ను తిట్టడం మానలేదు.

ఇంటికి పంపేరోజు ఒక కుర్ర డాక్టరు అక్క గుండె మీద గొట్టం పెట్టాడు. అక్క ఊరుకుంటుందా?

"నాయనా, ఆ గొట్టానికి ఆ పేరు ఎట్ల వచ్చిందో తెలుసునా నీకు?"

"లేదమ్మా, చెప్పండి."

చెప్పింది. స్టెతస్ దొర, నగరి అవ్వ, వెదురు గొట్టం, సమాధి, రాసిచ్చిన చీటీ. గుర్రాన్ని నుదుటి మచ్చతో సహా చెప్పింది. నేను గోడ మీద ఉన్న పోషకాహారం పటాన్ని శ్రద్ధగా చదువుతున్నాను.

"ఇదంతా మీకు ఎవరు చెప్పారమ్మా?"

"మా తమ్ముడు. అదిగో, ఆకుకూరల బొమ్మ సూస్తాండాడే, వాడు."

డాక్టరు నన్ను దగ్గరికి పిలిచి, ఏమీ అడగకుండా, అదే గొట్టం నా ఛాతీ మీద పెట్టాడు. గట్టిగా పీల్చమన్నాడు, వదలమన్నాడు. ముందు విన్నాడు, వెనక విన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "మీ తమ్ముడికి గుండెలో ఏమీ లేదమ్మా. ఊపిరితిత్తులే అమోఘం. ఇంత గాలి పట్టే మనిషిని నా సర్వీసులో చూడలేదు" అన్నాడు.

పరికరమంటే అదీ! నిజంగానే చూస్తుంది. గ్రీకువాళ్ళను అనవసరంగా ఆడిపోసుకున్నాను.

ఊరికి తిరిగొచ్చేసరికి రాయిని మళ్ళీ పాతేశారు, ఈసారి తల పైకి పెట్టి, అక్షరాలు కనబడేట్టు. ఇప్పుడు ఎవరికి ఏ జబ్బు వచ్చినా ముందు షమీమ్ దగ్గరికి వెళతారు. ఆమె చిత్తూరు పొమ్మంటే, రాయి దగ్గరికి వచ్చి సరిచూసుకుంటారు. రాయి ఎప్పుడు చదివినా చిత్తూరు పొమ్మనే అంటుంది. వెంటనే బస్సెక్కుతారు. ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట చెప్పినప్పుడు ఎవరు కాదంటారు? షమీమ్ నాతో మళ్ళీ మాట్లాడుతోంది. నన్ను మాత్రం ఇంకే ప్రారంభోత్సవానికీ మాట్లాడమని పిలవలేదు.

నేను కూడా ఒక మంగళవారం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని, ఆ మైలురాయి మీద కుడిచెయ్యి వేసి, సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంకెవరు ఏ మాటకు పుట్టుక అడిగినా 'తెలియదు' అనే అంటాను, ఈ సంగతి ఎప్పుడు చెప్పినా గోరంత కూడా పెంచను, పెంచితే స్టెతస్ దొర నన్ను శిక్షించుగాక. లేని దొర ఏం చేస్తాడులే అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

కానీ ఇది రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒకటే పొడిదగ్గు. మాత్ర వేసుకున్నాను, మిరియాల కషాయం తాగాను, తగ్గలేదు. అందుకని మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను: ప్రారంభోత్సవానికి వచ్చింది అయిదు వందలమంది కాదు. కుర్చీలు నలభై. అందులో తొమ్మిది ఖాళీ.

హమ్మయ్య. తగ్గింది.